ఇరవై నుంచి ఎనభై

ఫారమ్ ముంబై నుంచి వచ్చింది.
ఐదు గళ్లు, గడికో అంకె.
ఇరవై కంటే తక్కువ వేయకూడదట,
ఎనభై ఇచ్చేంత మనిషి తరానికొక్కడు దొరికితే ఎక్కువట.
యాభై అంటే
ఆ పనితో బతుకు వెళ్లదీయొచ్చని.

లాలాగూడ రైల్వే గ్రౌండ్, మార్చి ఆదివారం, పొద్దున ఏడున్నర.
నాలుగు క్రికెట్ మ్యాచులు ఒకదాని ఒళ్లో ఒకటి ఆడుతున్న చోట
ఓ మూలకి సున్నంతో మా డైమండ్ గీసుకున్నాం.
రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ
కొమిరె ఉపేందర్, పదిహేడేళ్లు, షార్ట్‌స్టాప్.
గ్లవ్ కుట్లు ఊడితే
వారాసిగూడ చౌరస్తాలో చెప్పుల దారంతో వేయించుకున్నాడు.

మొదటి గడి, చేతులు.
బంతి నేలబారుగా బుసకొడుతూ వచ్చింది.
వాడు పట్టలేదు, రమ్మన్నాడు.
ఎక్కడ నేర్చినవ్ రా అంటే
"బాటసింగారం మండీల సార్.
రాత్రి రెండింటికి లారీ మీదికెల్లి పుచ్చకాయలిసురుతరు.
చేతులు బిర్రుగ వెడితే పలుగుతది,
పలిగితే కూలిల కోస్తరు.
కాయతోని చేతులు గూడ ఎన్కకు వోవాలె."
ముప్పై ఏళ్లుగా పిల్లలకి
నేను చెప్పబోయి చెప్పలేకపోయింది అదే.
అరవై ఐదు.

పాదాలు.
బ్యాట్‌కి బంతి తగలకముందే వాడి ఎడమ మడమ లేస్తుంది,
ఎవరో చెవిలో చెప్పినట్టు.
అరవై.

ఇక భుజం. ఇక్కడ పెన్ను ఆగింది.
లోతు నుంచి, గడ్డి అంచు నుంచి మొదటి బేస్‌కి విసిరితే
బంతి బాగానే బయల్దేరుతుంది,
మెట్టుగూడ ఎక్కుడు మీద పాత బస్సులా
సగం దారిలో నీరసించి
ఒక్క గెంతు వేసి చేరుతుంది.
పై ఆటల్లో ఆ ఒక్క గెంతు లోపల
రన్నర్ ఇల్లు కట్టుకుని కాపురం పెడతాడు.
ఇంకా పెరుగుతాడు కదా అనుకుని
కంచె అవతల తండ్రి కేసి చూశాను.
డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు,
వాచ్‌మన్ చొక్కా భుజాల దగ్గర
ఇంకొకరు దూరేంత వదులు.
నలభై.

బ్యాటు.
నిటారు బంతిని కొడతాడు.
వంకర బంతి వస్తే మోకాలు ముందే నమస్కారం పెడుతుంది.
మూడుసార్లు పెట్టింది.
ముప్పై ఐదు.

నన్నూ ఇలాగే ఒకాయన చూశాడు, ఇదే మట్టి మీద.
కాగితం మీద అంకె వేయలేదు,
"మంచి కుర్రాడు" అని రాసి భుజం తట్టాడు.
ఆ రెండు మాటల మీద పదకొండేళ్లు
క్యాంపు నుంచి క్యాంపుకి తిరిగాను.
అంకె వేసి ఉంటే
ఏ రెండేళ్లకో ఇంటికి పోయేవాణ్ణి.

ఐదో ఇన్నింగ్స్‌లో బంతి రాయి తగిలి ఎగిరి
వాడి మెడ ఎముక మీద కొట్టింది.
రన్నర్ బతికాడు.
జట్లు మారేటప్పుడు అందరూ నీళ్ల డబ్బా దగ్గరికి పోతే
వాడు గొంతుక్కూర్చుని ఆ రాయి వెతికి తీసి
బూటుతో మట్టి చదును చేశాడు.
ఇప్పుడక్కడ నిలబడేది అవతలి జట్టు పిల్లాడు.
దీనికి గడి లేదు.
ఉండకూడదు కూడా,
మార్కులు పెడితే రేపట్నుంచి దీన్నీ నటిస్తారు.

ఆటయ్యాక వచ్చాడు.
"ఎంతచ్చింది సార్?"
కాగితం చేతికిచ్చాను.
ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివాడు,
భుజం దగ్గర వేలు కాసేపు కదల్లేదు.
"సెకండ్ బేస్ అయితే దూరం తక్కువ గద సార్."
అది రాత్రంతా నేను ఆలోచించి చెబుదామనుకున్నది.

మొత్తం మీద, అనే గడి:
నలభై ఐదు.
యాభైకి ఐదు తక్కువ.
ఆ ఐదు ఎక్కడి నుంచైనా తేగలవాడని రాయబోయి
రాయలేదు.

ఫోటో తీసి పంపాను.
రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే.
ఇప్పుడు టైము రెండూ పది.
నిద్ర రాక గోడ వైపు తిరిగి పడుకున్నాను.
బాటసింగారంలో లారీ వెనక తలుపు దించి ఉంటారు.